ఏదీ రీస్టార్ట్ చేయొద్దు

నంద్యాల,
4 సెప్టెంబరు 2025

ఉమామహేశ్వరమ్మ మేడమ్‌కు భ్రమరాంబిక నమస్కారాలు.

నన్ను గుర్తుపట్టారో లేదో. పాలిటెక్నిక్‌లో మీ ల్యాబులో మూడో వరుసలో కూర్చునేదాన్ని. రుద్రవరం అవతల మా గూడెం. పరీక్షనాడు తప్పు కమాండు కొట్టి ఏడుస్తుంటే, "ఏడ్చేది తర్వాత, ముందు తెర మీద ఏం వచ్చిందో చదువు" అని నా మీద అరిచింది మీరే. ఆ రోజు మీ మీద చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఆ అరుపే కావాలనిపిస్తోంది.

నంద్యాలలో ఒక రక్తనిధిలో మూడేళ్లుగా కౌంటరులో పనిచేస్తున్నాను. నాతో పనిచేసే పద్మది ఆళ్లగడ్డలో మీ వీధే. మీకు చెవులు బొత్తిగా వినపడటం లేదని, ఫోన్ చేసినా లాభం లేదని ఆమే చెప్పింది. అందుకే ఉత్తరం.

మా సర్వర్ చూసుకునే అతను ఆగస్టులో ఉద్యోగం మానేశాడు. పదకొండు వేల మంది రక్తదాతల వివరాలు ఆ సర్వర్‌లోనే ఉన్నాయి. ఎవరిది ఏ గ్రూపు, ఏ ఊరు, ఆఖరిసారి ఎప్పుడు ఇచ్చారు, ఫోన్ నంబరు ఏమిటి, అన్నీ. ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే అందులో వెతికి దాతకు ఫోన్ చేస్తాం. ఆ సర్వర్‌ను నేను చూసుకుంటానని సెక్రటరీ రాజశేఖర్ సార్‌ను అడిగాను. కమిటీలో పెద్దాయన శేషయ్య గారు, నేను అక్కడే నిలబడి ఉండగానే, "అడవిలోనుంచి వచ్చిన పిల్లకు సర్వర్లు యాడొస్తాయప్పా" అన్నారు. రాజశేఖర్ సార్ మాత్రం, "డిసెంబరు ఆఖరు దాకా నీకిస్తాండామ్మా. ఈలోగా ఒక్క పేరు పోయినా బయట కంపెనీకి ఇచ్చేస్తాం. నువ్వు మళ్లా కౌంటరుకే" అన్నారు.

నేను మళ్లీ కౌంటరుకు పోను మేడమ్. రెండేళ్ల కిందట ఈ సర్వర్‌కు బ్యాకప్ ఏర్పాటు చేసింది మీరేనని పాత కాగితాల్లో మీ సంతకం చూశాను. నాకు నేర్పించండి.

మీ దగ్గర చదువుకున్న
భ్రమరాంబిక


ఆళ్లగడ్డ,
8 సెప్టెంబరు

భ్రమరాంబికకు,

గుర్తున్నావు. కరెంటు పోతే ల్యాబు తప్పిందని అందరికంటే ముందు చప్పట్లు కొట్టేది నువ్వే. నాకు చెవులు పోయాయి గానీ మతి పోలేదు. మా ఇంటి వెనక శిల్పుల షెడ్డు ఉంది. పొద్దస్తమానం ఉలి చప్పుడని ముప్పై ఏళ్లు వాళ్లతో పోట్లాడాను. ఇప్పుడు దుమ్ము వస్తోంది గానీ చప్పుడు రావడం లేదు. పోట్లాడటానికి సాకు దొరక్క దిగులుగా ఉంది.

నేర్పిస్తాను, కానీ ఉత్తరాల్లోనే. నా దగ్గరున్నది బటన్ల ఫోను. పెద్ద ఫోను ఉన్నా అందులో కమాండ్లు పంపను. ఆ ఫోన్లకు తెలివి ఎక్కువై, పక్కపక్కన ఉన్న రెండు చిన్న గీతలను కలిపి ఒక పొడుగు గీత చేస్తాయి. నువ్వేమో చదవకుండా కాపీ కొట్టి అతికిస్తావు. కాగితం మీద చూసి నీ వేళ్లతో కొడితే, ఈ అక్షరం ఎందుకుంది అని అడగబుద్ధవుతుంది.

ముందు ఇవి చెయ్. కూర్చోగానే pwd కొట్టు, ఏ ఫోల్డరులో ఉన్నావో చెబుతుంది. డిస్కు ఎంత నిండిందో df -h చెబుతుంది. ఏ ఫోల్డరు ఎంత తింటోందో తెలియాలంటే du -sh * | sort -h కొట్టు, పెద్దవి చివర్లో వస్తాయి. సర్వర్ తన డైరీ తాను రాసుకుంటూ ఉంటుంది, దాన్ని లాగ్ అంటాం. tail -f అని కొట్టి ఆ లాగ్ పేరిస్తే, అది రాస్తుండగానే నీ కళ్ల ముందు నడుస్తుంది. దేన్నయినా తీసేయడానికి rm కొట్టాలనిపిస్తే, అదే చోట ముందు ls కొట్టు. అది చూపించినవే పోతాయి. చూసి, నీళ్లు తాగి, అప్పుడు rm.

ఇంకొకటి. ప్రాక్టీసుకు ఒక పాత కంప్యూటరు అడిగి తీసుకో. అయితే నీ తెర మీద రెండూ నల్ల కిటికీలే, కవలపిల్లల్లా ఉంటాయి. ఏది అసలో ఏది ప్రాక్టీసో తెలియాలి. అసలు సర్వర్ కిటికీలో నీ పేరు కనిపించే చోట ఎర్ర రంగు పెట్టు. .bashrc అనే ఫైలు చివర ఈ వరుస చేర్చు:

PS1='\[\e[41m\]\u@\h:\w\$\[\e[0m\] '

ఈరోజే చెయ్.

ఉమామహేశ్వరమ్మ


నంద్యాల,
25 సెప్టెంబరు

మేడమ్‌కు నమస్కారాలు.

మీ du కమాండుతో దొంగ దొరికాడు! ఎప్పుడో ఆగిపోయిన ఒక ప్రోగ్రాము తాలూకు లాగ్ ఇరవై జీబీ తిని కూర్చుంది. మీరు చెప్పినట్టే ls, నీళ్లు, rm. భయానికి రెండు చెంబులు తాగాను. 96 శాతం నిండిన డిస్కు 71కి దిగింది. దాతల ఫోటోలు, కార్డులతో కలిపి మా రిజిస్టర్ ఫైలు ఒక్కటే ఆరు జీబీ ఉందని కూడా అప్పుడే తెలిసింది.

ఇంకో కిటుకు నాకు నేనే కనిపెట్టాను. కంట్రోలు, ఆర్ కలిపి నొక్కి రెండు అక్షరాలు కొడితే, ఎప్పుడో కొట్టిన పొడుగు కమాండు మళ్లీ లేచి వస్తోంది. మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్పుకోవాలనిపించింది. నేను అలా చేస్తుంటే రాజశేఖర్ సార్ చూసి, "ఇంత బేగా ఎట్ల వచ్చెనమ్మా" అన్నారు. నేను గంభీరంగా తలూపాను.

మా నాయన బయ్యన్న మొన్న నంద్యాల వచ్చాడు. ఆయన అడవి క్యాంపులో వాచరు. tail -f నడుస్తుంటే నా వెనక నిలబడి చాలాసేపు చూసి, "మేం క్యాంపులో రాసే పుస్తకమే గదమ్మా ఇది. ఏ జంతువు ఏ దోవన పాయె, ఎన్ని గంటలకు పాయె. రోజూ చూసేటోనికే కొత్త అడుగు తెలుస్తాది" అన్నాడు. ఆ మాట విన్నాక రోజూ పొద్దున అరగంట లాగ్ చదువుతున్నాను.

ప్రాక్టీసు కంప్యూటరు ఇచ్చారు. ఎర్ర రంగు సంగతి ఈ వారంలో చూస్తాను. పెడదామని కూర్చున్నప్పుడల్లా ఫోన్లు వస్తున్నాయి.

మీ
భ్రమరాంబిక


ఆళ్లగడ్డ,
29 సెప్టెంబరు

అమ్మాయ్ భ్రమరా,

ముందు మీ నాయనకు ఆ ఉద్యోగం ఇప్పించు. నువ్వు ఆయన కింద అసిస్టెంటుగా చేరు.

'చూస్తాను' అంటే చేయలేదని అర్థం. రంగు పెట్టు.

ఇక అసలు పని. ప్రతి శనివారం ప్రాక్టీసు కంప్యూటరులో రిజిస్టర్ నకలు ఒకటి పెట్టుకొని, దాన్ని rm చేసి, ఇంకో నకలు నుంచి మళ్లీ తెచ్చుకో. పోగొట్టుకొని తెచ్చుకోవడం చేతికి అలవాటు కావాలి. గడియారం ముందు పెట్టుకో. మొదటిసారి గంట పడుతుంది. పదోసారికి పది నిమిషాలు కావాలి. వణకకుండా చేయడం వచ్చిన నాడు నువ్వు అడ్మిన్.

అసలు సర్వర్ బ్యాకప్ గురించి నీకు దిగులక్కర్లేదు. అది నేను పెట్టింది. రోజూ తెల్లవారుజామున తనంతట తానే రెండో డిస్కులోకి పోతుంది. దానికి ఢోకా లేదు.

ఉమామహేశ్వరమ్మ


నంద్యాల,
27 అక్టోబరు

మేడమ్‌కు,

నెల రోజులుగా రాయలేకపోయాను. రక్తదాన శిబిరాలు ఎక్కువయ్యాయి. ఉయ్యాలవాడలో ఒకటి, కోవెలకుంట్లలో ఒకటి.

ఒక చిన్న సందేహం. తొందరేం లేదు. ఒక ఫైలు తీసేశాక డిస్కులో చోటు పెరగాలి గదా. du లెక్కలో తగ్గింది గానీ df మాత్రం కదలలేదు. రెండింటికీ ఆరు జీబీ దాకా తేడా ఉంది. ఇలా ఎందుకవుతుంది? ప్రాక్టీసులో వచ్చింది.

వచ్చే ఆదివారం కరెంటు లైన్ల పని ఉందట. పొద్దున తొమ్మిది నుంచి కరెంటు ఉండదు. రక్తం ఫ్రిజ్‌లకు జనరేటరు ఉంది, సర్వర్ గదికి లేదు. శనివారం సాయంత్రమే సర్వర్ ఆపేయమని రాజశేఖర్ సార్ చెప్పారు.

ఉంటాను.

భ్రమరాంబిక


ఆళ్లగడ్డ,
30 అక్టోబరు

అమ్మాయ్ భ్రమరా,

నెల తర్వాత ఇంత పొట్టి ఉత్తరమా? పోస్టు స్టాంపు ఖర్చుకు కూడా గిట్టదు. మీ నాయన కబురు లేదు, కొత్త కిటుకు లేదు. పని మీదున్నావని సరిపెట్టుకుంటున్నాను.

సందేహం మాత్రం మంచిది. ఫైలుకు పేరు వేరు, ఒళ్లు వేరు. rm తీసేసేది పేరును. ఆ సమయానికి ఏదైనా ప్రోగ్రాము ఆ ఫైలును తెరిచి పట్టుకొని ఉంటే, ఒళ్లు డిస్కు మీద అలాగే ఉంటుంది. ఆ ప్రోగ్రాము ఏమీ జరగనట్టు దాంతో పని చేసుకుంటూనే ఉంటుంది. du పేర్లను బట్టి లెక్కేస్తుంది కాబట్టి దానికి కనిపించదు. df డిస్కును కొలుస్తుంది కాబట్టి దానికి కనిపిస్తుంది. ఆ ప్రోగ్రామును ఒకసారి రీస్టార్ట్ చేయి. పట్టు వదిలేస్తుంది, చోటు ఖాళీ అవుతుంది.

ఇంతే సంగతి. రంగు పెట్టావా?

ఉమామహేశ్వరమ్మ


ఆళ్లగడ్డ,
31 అక్టోబరు, శుక్రవారం పొద్దున

భ్రమరాంబికా,

ఇందాక ఫోనుకు పంపిన మెసేజ్ చూసే ఉంటావు. కాగితం మీద కూడా రాస్తున్నాను. ఏదీ రీస్టార్ట్ చేయొద్దు. సర్వర్ ఆపొద్దు. నిన్న పోస్టులో వేసిన నా ఉత్తరం అందితే, అందులో చెప్పింది చేయొద్దు.

పొద్దున కాఫీ కలుపుతుంటే ఆరు జీబీ అన్న మాట తట్టింది. నీ సెప్టెంబరు ఉత్తరం తీసి చూశాను. మీ రిజిస్టర్ ఆరు జీబీ. ప్రాక్టీసు కంప్యూటరులో ఆ నకలును ఏ ప్రోగ్రామూ పట్టుకొని ఉండదు. అక్కడ ఈ తేడా రావడానికి వీల్లేదు. ఇది అసలు సర్వర్‌లో జరిగింది. నేను పాఠం చెప్పే సంబరంలో నీ ఉత్తరం సరిగ్గా చదవలేదు.

ఏం తీసేశావు? ఎప్పుడు? దాచకుండా రాయి. తిట్టను.

నా బటన్ల ఫోనులో నిలువు గీత లేదు, ఏటవాలు గీత వెతకాలంటే తెల్లారుతుంది. కమాండ్లు అందులో పంపలేను. ఈ కవరు పదకొండు గంటల బస్సు కండక్టరు చేతికిచ్చాను. నంద్యాల బస్టాండుకు నువ్వే వచ్చి తీసుకో. జవాబు మొదట దొరికిన బస్సుకిచ్చి పంపు. ఇక్కడ బస్టాండు ముందు పూలంగడి జయలక్ష్మమ్మ తీసి పెడుతుంది. నేను ఆమె అంగట్లోనే కూర్చుని ఉంటాను.

ఉమామహేశ్వరమ్మ


నంద్యాల బస్టాండు,
శుక్రవారం మధ్యాహ్నం

మేడమ్,

రిజిస్టర్ తీసేశాను. పోయిన శనివారం, ఇరవై అయిదున.

రెండు కిటికీలు తెరిచి ఉన్నాయి. ప్రాక్టీసు చేద్దామని గడియారం ముందు పెట్టుకున్నాను. ls కూడా కొట్టాను, రిజిస్టర్ పేరు కనిపించింది, rm కొట్టాను. తర్వాత పైకి చూస్తే అది అసలు సర్వర్. ఎర్ర రంగు పెట్టలేదు మేడమ్. మీరు రెండుసార్లు రాశారు. రెండు నిమిషాల పని.

బ్యాకప్ ఉంది గదా అని రెండో డిస్కు తెరిచి చూశాను. ఆ డిస్కు ఫిబ్రవరిలోనే నిండిపోయింది. అప్పటినుంచి రోజూ బ్యాకప్ పేరుతో సున్నా సైజు ఫైళ్లే ఉన్నాయి. ఇంతలో కౌంటరు నుంచి పద్మ, "ఓ నెగటివ్ ఉయ్యాలవాడాయప్ప నంబరు దొరికిందిలేక్కా" అని కేకేసింది. ఫైలు లేదు, కానీ పేర్లు వస్తున్నాయి. ఎక్కడో ఉందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఆరు రోజులుగా అన్నం దిగడం లేదు.

మీకు కూడా ఎందుకు చెప్పలేదో చెబుతాను. ఇంకెవరైనా ఈ తప్పు చేస్తే, ఫలానా మనిషి చేసింది అంటారు. నేను చేస్తే, "అడవోళ్లకు ఇస్తే ఇంతే" అంటారు. నా తర్వాత మా గూడెం నుంచి ఎవరు వచ్చి ఉద్యోగం అడిగినా శేషయ్య గారు నా పేరే చెబుతారు. అది నాకు భరించరానిది.

ఈ ఆఫీసులో దేనికి జబ్బు చేసినా ఆపి మళ్లీ పెట్టడమే మందు. ఈరోజు పొద్దున అదే చేద్దామని కూర్చున్నాను. కమాండు సగం కొట్టాక మీ మెసేజ్ వచ్చింది.

రేపు సాయంత్రం ఆరు దాకా టైముంది. ఏం చేయమంటారో చెప్పండి. చేస్తాను.

భ్రమరాంబిక


ఆళ్లగడ్డ,
1 నవంబరు, శనివారం, మొదటి బస్సు

బంగారూ,

పోలేదు. పేరు పోయింది, ఒళ్లు ఉంది. రిజిస్టర్‌ను నడిపే ప్రోగ్రాము దాన్ని ఏడు రోజులుగా తెరిచి పట్టుకొని కాపాడుతోంది. ప్రోగ్రాము ఆగితే మాత్రం ఎవరూ తేలేరు. కాబట్టి అది నడుస్తుండగానే తీసుకోవాలి.

కౌంటరులో అరగంట ఎవరినీ కొత్త వివరాలు ఎక్కించవద్దని చెప్పు. రాస్తుండగా నకలు తీస్తే చిరిగిన కాగితం వస్తుంది. తర్వాత రూట్‌గా, అంటే అన్ని హక్కులూ ఉన్న పేరుతో, లోపలికి పోయి ఇది కొట్టు:

lsof +L1

పేరు పోయినా ఎవరో ఒకరు పట్టుకొని ఉన్న ఫైళ్లన్నీ వరుసగా వస్తాయి. మీ రిజిస్టర్ పేరు పక్కన deleted అని ఉంటుంది. భయపడకు. అదే వరుసలో ప్రోగ్రాము నంబరు ఉంటుంది, దాని తర్వాత 7u లాంటిది ఇంకొకటి ఉంటుంది. నంబరు 2214, రెండోది 7u అనుకుందాం. అప్పుడు:

cp /proc/2214/fd/7 /root/register.db

నీ తెర మీద వచ్చిన నంబర్లు వేసుకో, నావి కాదు. ఆరు జీబీ గదా, కాసేపు ఏమీ మాట్లాడదు. ఏమీ నొక్కకుండా చేతులు కట్టుకొని కూర్చో. అయ్యాక సైజు సరిచూడు. ఆ నకలును ప్రాక్టీసు కంప్యూటరులో తెరిచి పేర్లు వెతుకు. పాతవి, కొత్తవి, నిన్న ఎక్కించినవి. అన్నీ వచ్చాకనే ప్రోగ్రాము ఆపి, నకలును అసలు చోట పెట్టి, మళ్లీ నడుపు.

ఇప్పుడు నా సంగతి. ఆ బ్యాకప్ నేను పెట్టి, సంతకం చేసి, మీవాళ్లిచ్చిన కాఫీ తాగి వచ్చేశాను. ఒక్కసారి కూడా వెనక్కి తెచ్చి చూడలేదు. డిస్కు నిండితే ఎవరికీ చెప్పే ఏర్పాటు కూడా చేయలేదు. పైగా ఢోకా లేదని నీకు రాశాను. ఇందులో నా తప్పు నీ తప్పుకంటే పాతది.

ఫైలు చేతికొచ్చాక ఎవరికీ చెప్పకు. రాజశేఖర్‌కు తెలియదు, కమిటీకి తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. డిసెంబరు దాకా నోరు మూసుకొని పని చేసుకో. ఎప్పుడైనా బయటపడితే బ్యాకప్ నాది అని నా మీద వేయి.

ఉమామహేశ్వరమ్మ


నంద్యాల,
3 నవంబరు

మేడమ్‌కు నమస్కారాలు.

వచ్చింది!

ప్రోగ్రాము నంబరు 1873, రెండోది 9u. cp కొట్టాక నాలుగు నిమిషాలు తెర మీద ఏమీ లేదు. చేతులు కట్టుకొమ్మన్నారని నిజంగానే కట్టుకున్నాను. పద్మ తలుపు దగ్గర నిలబడి ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ఆమెకు మొత్తం చెప్పేశాను. సైజు సరిపోయింది. ప్రాక్టీసు కంప్యూటరులో తెరిచి ప్యాపిలి వాళ్లు, నందికొట్కూరు వాళ్లు, శుక్రవారం ఎక్కించిన ఇద్దరు, అందరినీ వెతికాం. అందరూ ఉన్నారు. అప్పుడు ఏడ్చాను మేడమ్. ముందు కాదు, తెర మీద వచ్చిందంతా చదివాకనే.

సాయంత్రం సర్వర్ ఆపాం. ఈరోజు పొద్దున మళ్లీ పెట్టాం. తొమ్మిది లోపలే ఒక కాన్పు కేసుకు ఫోన్ వచ్చింది, నంబరు దొరికింది. రెండో డిస్కు ఖాళీ చేశాను. నిండుతుంటే ముందే నాకు మెయిలు వచ్చేలా చేశాను. ఈరోజు కొత్తగా తీసిన బ్యాకప్‌ను వెనక్కి తెచ్చి చూశాను. ఎర్ర రంగు పెట్టాను. మీ మొదటి ఉత్తరం, అంటే పోస్టులో వేసింది, శనివారం మధ్యాహ్నం అందింది. అది ఒక రోజు ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం మానేశాను.

ఇక రెండో మాట. చెప్పకు అన్నారు. మీరేనా మేడమ్ ఆ మాట రాసింది? మూడుసార్లు చదివాను, దస్తూరి మీదే. ల్యాబులో ఎవరైనా తప్పును చెరిపి చూపిస్తే రికార్డు చించేసేవారు మీరు.

దాచిన ఆరు రోజులు ఎలా గడిచాయో నాకు తెలుసు. డిసెంబరు దాకా అలా ఉండలేను. డిసెంబరు తర్వాత అసలే ఉండలేను. ఉద్యోగం నిలబడినా, పొద్దున లేచి ఆ గదిలోకి పోవాల్సింది నేను గదా. పద్దెనిమిదిన కమిటీ ఉంది. చెప్పేస్తాను. మీ మీద వేయను. సెప్టెంబరు నుంచి బ్యాకప్ చూడాల్సింది నేను, మీరు కాదు.

కోపంగా రాశాననుకోకండి. కోపంగానే రాశాను.

భ్రమరాంబిక


నంద్యాల,
20 నవంబరు

మేడమ్‌కు,

మీ నుంచి జవాబు లేదు. పద్మ మిమ్మల్ని వీధిలో చూశానని, బాగానే ఉన్నారని చెప్పింది. నా మీద కోపమైతే ఉండనివ్వండి. ఇది మాత్రం మీకు తెలియాలి.

చెప్పాను. ఏ రోజు, ఏ కిటికీలో, ఏ కమాండు, ఎన్ని రోజులు దాచాను, ఎలా తెచ్చాను, అన్నీ కాగితం మీద రాసుకొని పోయి చదివాను. నేననుకున్నట్టే శేషయ్య గారు, "నేను ముందే చెప్తే వింటిరా?" అన్నారు.

రాజశేఖర్ సార్ మాత్రం, "ఎవురికీ తెలీదు గదమ్మా. మరి యాల చెప్తాండావ్?" అని అడిగారు.

"మన బ్యాకప్ ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్న సంగతి కూడా ఎవురికీ తెలీదు సార్. తెలీక పోబట్టే అన్నాళ్లు ఖాళీగుండె. నేను ఇది చెప్పకుంటే, రేపు నా కుర్చీలో కూర్చునేటామె కూడా ఇట్లే చేస్తాది" అన్నాను.

"మాటలొద్దు. పోగొట్టి తెస్తానంటాండావ్ గదా, ఈడ చేసి చూపీ" అన్నారు శేషయ్య గారు.

ప్రాక్టీసు కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టాం. ఆయన చేతే rm కొట్టించాను. చూపుడు వేలితో ఒక్కో అక్షరం వెతుక్కొని కొట్టారు. ఫోల్డరు ఖాళీ అని చూపించాను. గడియారం చూడమన్నాను. పదకొండో నిమిషానికి రిజిస్టర్ వెనక్కి వచ్చింది. ఎవరి పేరు వెతకమంటారని అడిగితే, "నాదే కొట్టు" అన్నారు. ఆయన ముప్పై ఎనిమిదిసార్లు రక్తమిచ్చిన మనిషి. ఫోటోతో సహా వచ్చారు. నల్ల మీసం, నిండా జుట్టు. చాలాసేపు చూసుకొని, "ఫోటో మార్చమ్మా, నాకే గుర్తు దొరకల్యా" అన్నారు. అన్న మాట వెనక్కి తీసుకోలేదు. నేను ఎదురు చూడనూ లేదు.

తీర్మానం ఇది. కంపెనీకి ఇవ్వడం లేదు. నా పరీక్ష గడువును డిసెంబరు నుంచి మార్చి దాకా పెంచారు. అసలు సర్వర్‌లో ఏది తీసేయాలన్నా నా పక్కన పద్మ ఉండాలి. నెలకోసారి కమిటీ ముందు పోగొట్టి తెచ్చి చూపాలి. ఆ ఆఖరిది శిక్ష అనుకొని పెట్టారు. నేనే అడుగుదామనుకున్నాను.

కౌంటరుకు పోలేదు మేడమ్. ఒక ముక్క రాయండి.

భ్రమరాంబిక


ఆళ్లగడ్డ,
8 డిసెంబరు

భ్రమరాంబికా,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయలేదు. కోపం కాదు, సిగ్గు. చెప్పొద్దని ఎందుకన్నానో ఇప్పుడు రాస్తాను.

1999లో ఒక ప్రైవేటు కాలేజీలో నాకు మొదటి ఉద్యోగం. రెండో సంవత్సరం పిల్లల ప్రాక్టికల్ మార్కులన్నీ ఉన్న ఫోల్డరును ఒక మధ్యాహ్నం నేనే తీసేశాను. ప్రిన్సిపాల్ పిలిచి అడిగితే, ల్యాబు తుడిచేటప్పుడు అటెండరు ప్లగ్గు లాగాడేమో అన్నాను. ఏమో అనే అన్నాను. వాళ్లకు అది చాలింది. ఆ అటెండరు పేరు డేనియల్. వారంలో పనిలోంచి తీసేశారు. ఇద్దరు చిన్నపిల్లలు అతనికి. నేను అదే గదిలో ఇంకో ఆరేళ్లు పాఠాలు చెప్పాను. ఆ తర్వాత మీ కాలేజీకి వచ్చి, తప్పు చెరిపిన వాళ్ల రికార్డులు చించాను.

చెప్పకపోయినా బతికేయొచ్చని నాకు తెలుసు, బతికాను కాబట్టి. అందుకే నీకు ఆ సలహా ఇచ్చాను. నువ్వు వినలేదు. ఇరవయ్యో తేదీ ఉత్తరం చదివాక నా ఇంట్లో నేను కూర్చోలేకపోయాను.

డేనియల్ నందికొట్కూరులో పంక్చరు అంగడి పెట్టుకున్నాడని అడగ్గా అడగ్గా తెలిసింది. మొన్న శుక్రవారం పోయాను. నంద్యాలలోనే బస్సు మారాను. మీ ఆఫీసు నడిచి వచ్చేంత దూరం. రాలేదు. వస్తే నీతో కూర్చొని, నీ ఎర్ర కిటికీ చూసి మురిసిపోయి, అక్కడి నుంచే వెనక్కి తిరిగేదాన్ని.

నన్ను చూడగానే గుర్తుపట్టాడు. నిలబడే చెప్పాను, మొత్తం. అతను ఏదో అన్నాడు. నాకు వినపడదని సైగ చేసి, నా నోటు పుస్తకం, పెన్ను ఇచ్చాను. చేతుల గ్రీసు తుడుచుకొని నిదానంగా రాశాడు. చూసి రాస్తున్నాను:

"పిల్లోళ్లకు నేను చెప్తే నమ్మల్యా మేడమ్. వాళ్లకు చెప్పి పోండి."

కొడుకు ఇస్సాకు పని నుంచి వచ్చేసరికి అయిదవుతుందట. అంగడి ముందు బెంచీ మీద రెండున్నర గంటలు కూర్చున్నాను. డేనియల్ టీ తెచ్చిచ్చాడు. మళ్లీ పంక్చర్లు వేసుకుంటూ ఉన్నాడు. ఇస్సాకు వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి. మీ నాయన ఆ ప్లగ్గు ముట్టుకోలేదు, పోగొట్టింది నేను, అబద్ధం చెప్పింది నేను అని చెప్పాను.

నా గొంతు నాకు వినపడదు గదా, ఎంత గట్టిగా చెబుతున్నానో తెలియలేదు. చెప్పి తలెత్తేసరికి అటూ ఇటూ అంగళ్ల వాళ్లు, ఎదురింటి వాళ్లు బయటికొచ్చి నిలబడి ఉన్నారు. ఇస్సాకు వాళ్ల నాయన వైపే చూస్తున్నాడు. డేనియల్ ఆ జనాన్ని చూపించి, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నట్టు చెయ్యి తిప్పాడు.

వాళ్లకూ చెప్పాను.

ఉమామహేశ్వరమ్మ